కాచిగూడ గొంతు

యాకుత్‌పురా కూరగాయల బజారులో కోమలవల్లి బెండకాయల ధర అడిగితే చాలు, ఎవరో ఒకరు తల తిప్పి చూస్తారు. మొహం చూసి గుర్తుపట్టేవాళ్లు తక్కువ, గొంతు విని ఆగేవాళ్లు ఎక్కువ. కాసేపు తటపటాయించి, "అమ్మా, మీరు కాచిగూడ కదా?" అంటారు. ఆమె ఇల్లు గౌలిపురలో. పుట్టింది అక్కడే, కాపురం చేసిందీ అక్కడే. అయినా ఆ ప్రశ్నకు ఆమె ఏనాడూ అడ్డం చెప్పలేదు. "ఔ, కాచిగూడనే" అని నవ్వి, బెండకాయలు విరిచి చూసుకుంటుంది.

ఆ గొంతు పుట్టిన చోటు ఒక చిన్న గుడి. గౌలిపుర సందుల్లో బర్రెల కొట్టాల మధ్య ఒక వేంకటేశ్వరుడి గుడి ఉంది. తరతరాలుగా ఆ గుడి సేవ కోమలవల్లి వాళ్లది. ఆమె తండ్రి వైకుంఠం మాటకు పొదుపు, మంత్రానికి ధారాళం. ధనుర్మాసంలో తెల్లవారకముందే కూతుర్ని లేపి పక్కన కూర్చోబెట్టుకుని పాశురాలు చెప్పించేవాడు. పదం చివర మింగొద్దనీ, ఊపిరి అయిపోకముందే తీసుకోవాలనీ, అరవకుండానే గుడి బయట నిలబడ్డ మనిషికి కూడా అక్షరం అక్షరం వినబడాలనీ ఆయన పట్టు. పాల డబ్బాలు సైకిళ్లకు తగిలించుకుని బయలుదేరే గౌలీలు గుడి ముందు ఒక కాలు నేల మీద ఆనించి ఆ పిల్ల గొంతు కాసేపు విని పోయేవాళ్లు. పాలు ఆలస్యమైతే, వైకుంఠం బిడ్డ పాట అడ్డం పడ్డదని ఇళ్లల్లో సాకు చెప్పేవాళ్లట.

ఎనభైల మొదట్లో కోమలవల్లి డిగ్రీ పూర్తి చేసింది. రైల్వేలో అనౌన్సర్లు కావాలన్న ప్రకటన చూసి, తండ్రికి చెప్పి, పరీక్షకు వెళ్లింది. తక్కిన వాళ్లందరూ రేడియోలో వార్తలు చదివినట్టు గంభీరంగా చదివారు. ఈమె మాత్రం ఎదురుగా ఎవరో ముసలామె సంచీ పట్టుకుని నిలబడ్డట్టు, ఆమెకు దారి చెబుతున్నట్టు చదివింది. ఉద్యోగం వచ్చింది. పోస్టింగు కాచిగూడ.

ఇంట్లో లొల్లి మొదలైంది. మేనమామ జగదీశ్వర్ సంతోష్‌నగర్ నుంచి పనిగట్టుకుని వచ్చాడు. పూజారి బిడ్డ మైకుల మాట్లాడుడేంది, దారిన పోయే ప్రతివాడూ ఆ గొంతు వినుడేంది, రేపు సంబంధం ఎట్ల కుదురుతదని ఒక పూటంతా వాదించాడు. వైకుంఠం అంతా విని లేచాడు. పంచె సర్దుకుని గుడికి పోయాడు. మరునాడు పొద్దున కూతురు చెప్పులు వేసుకుంటుంటే సైకిల్ బయటికి తీసి, దుమ్ము తుడిచి, వెనక కూర్చోమన్నాడు.

కోమలవల్లి కాచిగూడ స్టేషన్‌ను అంతకుముందు చూడకపోలేదు. తిరుపతికి పోయినప్పుడల్లా చూసింది. కానీ అందులో పనిచేయడానికి వచ్చి చూసినప్పుడు అది వేరే కట్టడంలా కనబడింది. నడుమ పెద్ద గుమ్మటం, అటూ ఇటూ చిన్న గుమ్మటాలు, వాటి పక్కన మినార్లు, ఎండను తమ మీద పట్టుకుని నిలబడ్డ తెల్లని గోడలు. రైలెక్కే చోటులా కాక ఎవరో నవాబు దర్బారులా ఉంది. ఆ దర్బారు ముందు రిక్షాలు, టాంగాలు, అరటిపండ్ల బండ్లు, ట్రంకుపెట్టెల మీద కూర్చుని ఉప్మా తినే కుటుంబాలు. వైకుంఠం గుమ్మటం వైపు ఒకసారి తలెత్తి చూసి, కూతురితో, పొయ్యిరా అన్నాడు. అంతే.

మొదటి రోజు ఆమె గొంతు పెగల్లేదు. నిజామాబాద్ బండి వచ్చే వేళ మైకు ముందు కూర్చుంటే నోరు పిడచకట్టుకుపోయింది. పక్కనే ఉన్న పాత అనౌన్సర్ ఆ పూట తానే చెప్పి, నీళ్లు తాగి రమ్మని పంపాడు. నీళ్ల కోసం పోయిన దారిలోనే పార్సిల్ ఆఫీసు ముందు రామ్‌చందర్ పరిచయమయ్యాడు.

రామ్‌చందర్ పార్సిల్ గుమాస్తా. పాతబస్తీ కాయస్థుల బిడ్డ. ఇంట్లో రామాయణం కూడా ఉర్దూ లిపిలో చదువుకునే కుటుంబం. ఆయన తండ్రి నిజాం రైల్వేలో పనిచేశాడు. అందుకని స్టేషన్‌లో ప్రతి గోడా తమ ఇంటి గోడే అన్నట్టు మాట్లాడేవాడు. బెదిరిపోయి నిలబడ్డ అమ్మాయికి చాయ్ తెప్పించి, ముందు ఈ ఇల్లు చూడు బిడ్డా, తర్వాత మాట్లాడొచ్చు అని స్టేషనంతా తిప్పాడు.

ఆయన చెప్పగా విన్నదే కోమలవల్లి తర్వాత జీవితమంతా చెప్పింది. నిజాం కాలంలో మొత్తం రైల్వేకు ఇదే పెద్ద ఆఫీసు. ఇక్కడి నుంచే అటు గోదావరి దాటి మరాఠ్వాడా దాకా, ఇటు పాలమూరు మీదుగా కర్నూలు దిక్కు చిన్నగేజి పట్టాలు పోయేవి. పొద్దున ధాన్యం బస్తాలు దిగేవి, మధ్యాహ్నం బెల్లం దిమ్మెలు ఎక్కేవి, ఎండాకాలం మామిడి గంపల వాసనకు ఆఫీసులో ఎవరికీ పని సాగేది కాదు. ఘోషా స్త్రీలు వచ్చినప్పుడు మోటారు తలుపు నుంచి రైలు తలుపు దాకా రెండు దిక్కులా దుప్పట్లు పట్టుకుని నిలబడేవాళ్లట. ఆ నడుమ నుంచి గాజుల చప్పుడు, అత్తరు వాసన మాత్రం బయటికి వచ్చేవట.

"ఇప్పుడు నీ మైకున్న గది ఉన్నది చూడు, అది ఆ ఘోషా ఆడోళ్లు కూసునే జనానా గదే అంటుండె మా అబ్బా. అండ్ల కూసున్న ఆడమనిషి గొంతు బయటికి ఇనరావొద్దు. గిప్పుడు నువ్వు గా గదిలకెల్లే ఊరంతటికి ఇనిపియ్యాలె. సమఝె?" అన్నాడు రామ్‌చందర్.

అది నిజమో, ఆమెకు ధైర్యం చెప్పడానికి ఆయన అప్పటికప్పుడు అల్లిన కథో కోమలవల్లికి ఈనాటికీ తెలియదు. ఆ సాయంత్రం మాత్రం ఆమె మైకు ముందు కూర్చుని, తిరుపతి వెళ్లే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నదని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో తడబడకుండా చెప్పింది.

చెప్పి బయటికి వస్తే రామ్‌చందర్ మెచ్చుకోలేదు. "యాకుత్‌పురా" అనమన్నాడు. అన్నది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ 'కు' పెదాల దగ్గర పుట్టేది కాదనీ, గొంతు అడుగున పుట్టాలనీ, యాకూత్ అంటే కెంపు అనీ, కెంపును గాజుపూసలా పలికితే ఎట్లాగనీ మందలించాడు. నీ ఇంటి పక్క స్టేషన్ పేరే నీకు పలకరాదంటే నవ్వుతారు అన్నాడు. ఆ రోజు మొదలు మధ్యాహ్నం భోజనం వేళ పార్సిల్ ఆఫీసులో పాఠం. ఫలక్‌నుమాలో 'ఫ' గాలితో పలకాలి, నిజామాబాద్‌లో 'జా' పళ్ల మధ్య నుంచి తేనెటీగలా రావాలి. తండ్రి దగ్గర పాశురం నేర్చుకున్న శ్రద్ధతోనే ఆమె రామ్‌చందర్ దగ్గర ఊళ్ల పేర్లు నేర్చుకుంది. కొన్నాళ్లకు షేర్వానీలు వేసుకున్న పెద్దమనుషులు కొందరు మైకు గది ముందు ఆగి, ఈ పేర్లు ఇంత సాఫుగా పలికేది ఎవరి అమ్మాయని అడిగి పోవడం మొదలైంది. గౌలిపుర పూజారి బిడ్డ అంటే ఒక పట్టాన నమ్మేవాళ్లు కాదు.

జగదీశ్వర్ మాత్రం మెత్తబడలేదు. వారం వారం వచ్చి మేనకోడలి ఉద్యోగం మాన్పించమని పోరేవాడు. ఒకరోజు వైకుంఠం గుడి తలుపులు వేసి, ఎవరికీ చెప్పకుండా కాచిగూడకు పోయాడు. ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని, బల్ల మీద ఒక మూల కూర్చుని, పొద్దుగూకేదాకా కూతురి గొంతు విన్నాడు. ఆమెకు ఆ సంగతి తెలియదు. వెంకటాద్రి పేరు వినగానే ట్రంకుపెట్టెల మీద కూర్చున్నవాళ్లు లేచి, చెంపలు వేసుకుని, పిల్లల్ని ఎత్తుకుని రైలు దిక్కు నడవడం ఆయన చూశాడు. ఇంటికి వచ్చేసరికి జగదీశ్వర్ అరుగు మీదే ఉన్నాడు.

"బావా, ఇగ చాలు. నేను గుళ్ళె కూసోని నలుగురికి స్వామిని చూపెడుతున్న. అది అక్కడ కూసోని రోజు ఒక రైలెడు మందికి స్వామి తొవ్వ చూపెడుతున్నది. నా పనికన్న దాని పనే పెద్దది" అన్నాడు వైకుంఠం.

తండ్రి నోట అంత పొడవు మాట కోమలవల్లి అంతకుముందు వినలేదు. వంటింట్లో గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. మేనమామ ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

సంబంధం కుదరదన్న బెంగ కూడా విచిత్రంగా తీరింది. చూపులకు వచ్చిన ముకుంద్ షాద్‌నగర్‌లో బడిపంతులు. రోజూ కాచిగూడలో బండెక్కేవాడు. అమ్మాయిని ఏమైనా అడుగుతావా అని పెద్దవాళ్లంటే, అడిగేదేమీ లేదనీ, రెండేండ్లుగా ఆమె ఎక్కమంటే ఎక్కుతున్నాననీ, ఆగమంటే ఆగుతున్నాననీ చెప్పాడు. పెళ్లయినాక కూడా అదే తీరు అని గౌలిపురలో నవ్వుకునేవాళ్లు. ఆయన వంట నేర్చుకున్నాడు. ఆమెకు పొద్దుటి డ్యూటీ పడితే కూతురు స్ఫూర్తికి జడలు వేసేదీ ఆయనే.

స్టేషన్ ఆమె కళ్ల ముందే మారుతూ వచ్చింది. తొంభైల్లో చిన్నగేజి పట్టాలు పీకి పెద్దగేజి వేశారు. పాత బండ్ల ఈల వేరు, కొత్త బండ్ల కూత వేరు. ఆఖరు చిన్నగేజి బండి పోయిన రోజు ఇంజనుకు పూలదండలు వేశారు. ఎప్పుడో రిటైరైన రామ్‌చందర్ కర్ర పట్టుకుని వచ్చి ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాడు. ఆ బండిని కోమలవల్లే ప్రకటించింది. ఎప్పుడూ చెప్పే మాటలే చెప్పింది, కాకపోతే కొంచెం నిదానంగా చెప్పింది. బండి కనుమరుగయ్యాక రామ్‌చందర్ మైకు గది కిటికీ దగ్గరికి వచ్చి, ఈరోజు ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదని ఉర్దూలో చెప్పి వెళ్లిపోయాడు. ఆయన ఆమెకు ఇచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. ఆ తర్వాత ఎన్నో శాలువాలు వచ్చాయి కానీ, ఆ మాట కన్న పెద్దది ఏదీ లేదని ఆమె అంటుంది.

బెల్లం దిమ్మెలు, మామిడి గంపలు లారీల పాలయ్యాయి. సరుకు దిగే చోట కార్లు నిలిపే జాగా వచ్చింది. టాంగాలు పోయి ఆటోలు వచ్చాయి. యాకుత్‌పురా, మలక్‌పేట మీదుగా లోకల్ రైళ్లు మొదలయ్యాక పాతబస్తీ నుంచి అమీర్‌పేట అద్దాల ఆఫీసుల్లో పనికిపోయే పిల్లలు పొద్దున్నే చెవుల్లో తీగలు పెట్టుకుని స్టేషన్ మీదుగా పోయేవాళ్లు. నిజాం నాటి గంటలు, లాంతర్లు, టికెట్టు మిషన్లు ఒక చోట చేర్చి చూడ్డానికి పెట్టారు. గుమ్మటాల మీద రంగురంగుల దీపాలు వెలిగాయి. ఒకప్పుడు బయలుదేరడానికి మాత్రమే వచ్చే చోటికి జనం ఫొటో దిగడానికి కూడా రాసాగారు.

ఆ మార్పుల్లోనే ఒకటి కోమలవల్లిని తాకింది. అనౌన్స్‌మెంట్లకు కంప్యూటర్ వచ్చింది. బండి నంబరు కొడితే చాలు, ముందే పట్టిపెట్టిన గొంతు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని మూడు భాషల్లో వాటంతటవే పలుకుతాయి. ఆమెను ఎంక్వయిరీ కిటికీకి మార్చారు. జీతంలో తేడా లేదు, పని తేలిక. మొదట్లో ఆమె కొన్నాళ్లు ముభావంగా ఉండేది. ముకుంద్ ఓదార్చబోతే, మిషన్ మీద తనకు కోపం లేదనీ, అది దగ్గదనీ, సెలవు పెట్టదనీ, తనకన్న నయమేననీ చెప్పేది. కానీ ఇంట్లో పోపు వేస్తూ వేస్తూ అలవాటుగా ఏదో ఒక బండిని బయలుదేరదీసేది.

ఎంక్వయిరీ కిటికీ ఆమెకు వేరే పాఠం నేర్పింది. మైకులో మాట్లాడినంత కాలం ఆమె జనాన్ని దగ్గరగా చూడలేదు. ఇప్పుడు కిటికీకి అవతల ఒక్కొక్క మొహం. "గద్వాల బండి ఏడికొస్తది బిడ్డా?" అని ఒక ముసలాయన, "బాజీ, ఫలక్‌నుమా కీ గాడీ గయీ క్యా?" అని, బండి పోయిందేమోనని ఒక బురఖా ఆమె. వాళ్లకు 'మరికొద్ది సేపట్లో వచ్చును' అని చెబితే ఇంకా అయోమయంగా చూసేవాళ్లు. "గిప్పుడే ఒస్తది తాతా, గా రెండో నంబర్ల కూసో" అంటే మొహం విప్పారేది. ఇన్నేళ్లూ తాను ఎవరూ మాట్లాడని భాషలో మాట్లాడానని ఆమెకు అప్పుడు తోచింది.

స్టేషన్‌కు నూరేళ్లు నిండిన ఏడు, పెత్రమాస అమావాస్య ముందటి రోజు అది. తెల్లారి ఎంగిలిపూల బతుకమ్మ. పుట్టిళ్లకు పోయే ఆడవాళ్లు సంచుల్లో తంగేడు, గునుగు పూలు పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని బయలుదేరారు. వాన ముందు రోజు నుంచీ విడవలేదు. మూసీ అవతల రోడ్లన్నీ నీళ్లు, బస్సులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. బస్సు దొరకనివాళ్లంతా రైలుకే వచ్చారు. మధ్యాహ్నానికి కాచిగూడలో కాలు పెట్టే సందు లేదు. పట్టాల మీద నీళ్లు నిలిచి బండ్లు గంటలకొద్దీ ఆలస్యం.

కర్నూలు వైపు పోయే బండి చివరికి అవతలి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. అప్పుడు ఎవరన్నారో, ఎందుకన్నారో, ఈరోజుకు ఇదే ఆఖరు బండి, దీని తర్వాత ఏదీ లేదన్న మాట ఒకటి పుట్టింది. పుట్టిన మాట ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు పాకేసరికి, బండి కదులుతున్నది అని మారింది. జనమంతా ఒక్కసారి పైవంతెన మెట్ల మీద పడ్డారు. అదే వేళకు అవతల దిగిన వాళ్లు ఇటు వస్తున్నారు. తడిసిన మెట్ల నడుమ రెండు గుంపులు ఢీకొని ఆగిపోయాయి. వెనకవాళ్లకు ముందు ఏం జరుగుతున్నదో తెలియదు. తోస్తూనే ఉన్నారు.

కోమలవల్లి కిటికీ వదిలి బయటికి వచ్చింది. ఎర్రచొక్కా కూలీ ప్రేమ్‌రాజ్ మెట్ల నడుమ ఇరుక్కుని, రెండు చేతులూ రెయిలింగుకు ఆనించి, తన వీపుతో ఒక బాలెంతకు అడ్డం నిలబడ్డాడు. ఆమె చేతిలో పసిగుడ్డు ఉంది. ఆయన మెడ నరాలు ఇక్కడికే కనబడుతున్నాయి. అంతలో స్పీకర్లో కంప్యూటర్ గొంతు మోగింది. బండి ఫలానా ప్లాట్‌ఫారం మీద సిద్ధముగా ఉన్నదని, ఆలస్యానికి చింతిస్తున్నామని చెప్పింది. ఆ మాట పూర్తయ్యీ కాకముందే గుంపు మళ్లీ ఒక్క ఊపు ఊగింది. మళ్లీ మోగింది, మళ్లీ ఊగింది.

ఆమె మైకు గదికి పరుగెత్తింది. ఆ పూట డ్యూటీలో ఉన్న అధికారి మురళీధర్ రెండు ఫోన్లు రెండు చెవులకు పెట్టుకుని ఉన్నాడు. పోలీసుల్ని పిలుస్తున్నాడు, డాక్టర్ని పిలుస్తున్నాడు.

"సార్, ముందుగాల మిషన్ బంద్ చెయ్యుండ్రి. అది మాట్లాడినప్పుడల్లా మంది ఉరుకుతున్నరు. బండికి సిగ్నల్ ఇయ్యొద్దని చెప్పుండ్రి. మైకు నాకియ్యుండ్రి" అన్నది కోమలవల్లి.

మురళీధర్ ఆమె వైపు చూశాడు. మైకులో ఎవరు మాట్లాడాలో, ఏ మాటలు చెప్పాలో అన్నింటికీ పద్ధతి ఉంది. అది ఇద్దరికీ తెలుసు. ఆయన ఒక ఫోను కింద పెట్టి, బండి కదలొద్దని రెండో ఫోనులో చెప్పి, మీట నొక్కి కంప్యూటర్‌ను ఆపాడు.

"రేపు అడిగితే నన్ను అడుగుతరు మేడం. మీరు మాట్లాడుండ్రి" అన్నాడు.

కోమలవల్లి మైకు తీసుకుంది. అలవాటు ప్రకారం, ప్రయాణికులకు విజ్ఞప్తి అని మొదలుపెట్టింది. ఆ రెండు మాటలకే గుంపు మళ్లీ కదలడం మెట్ల దిక్కున్న కిటికీ అద్దంలోంచి కనబడింది. వాళ్లకు అది కూడా మిషన్ గొంతే. ఆమె ఆగింది. ఊపిరి తీసుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో స్పీకర్లో ఎప్పుడూ మాట్లాడని మాట మాట్లాడింది.

"అమ్మలాలా, అక్కలాలా, అన్నలాలా, జర నా మాట ఇనుండ్రి. నేను మిషన్‌ను కాదు. గౌలిపుర కోమలవల్లిని మాట్లాడుతున్న. బండి ఏడికి పోదు. ఆపిచ్చిన. మీరందరు ఎక్కేదాంక కదలదు, అది నా జిమ్మేదారి. ఎవ్వలున్న కాడ ఆళ్లు నిలవడుండ్రి."

వెంటనే దక్కనీ ఉర్దూలో అందుకుంది, బండి పోదనీ, మెట్ల మీదున్నవాళ్లు అక్కడే నిలబడాలనీ, ముందు పసిబిడ్డ తల్లి ఉన్నదనీ. "భాయ్, బాజీ, అమ్మా, జర్రా ఠైరో. గాడీ కైఁ నై జారీ. సీఢియాఁ పో జో హైఁ, వైఁచ్ ఖడే రైనా. ఆప్‌కే సామ్నే ఏక్ బచ్చే కీ మాఁ హై."

వంతెన మీద తలలు పైకి లేచాయి. స్పీకరు తమతో, తమ ఇంటి మాటల్లో, పేరు చెప్పుకుని మాట్లాడడం వాళ్లెప్పుడూ వినలేదు. తోపు ఆగింది. పూర్తిగా కాదు, ముందున్న వాళ్లకు ఊపిరి ఆడేంత.

ఆ తర్వాత ఆమె ఆగకుండా మాట్లాడింది. గుంపు చివర ఉన్నవాళ్లను, తొందర లేదు, నాలుగడుగులు ఎనకకు ఎయ్యుండ్రి, మీరు జరిగితేనే ముందటోళ్లు జరుగుతరు అని బతిమాలింది. వంతెన పైన ఉన్నవాళ్లను వచ్చిన దారినే తిరగమన్నది. ప్రేమ్‌రాజ్‌ను పేరు పెట్టి పిలిచి, ఇంకో నిమిషం అట్లనే ఆపు తమ్మీ, జాగ ఐతున్నది అన్నది. ఎవరిదో సంచీ తెగి తంగేడు పూలు మెట్లనిండా పడ్డాయి. ఒకామె వాటి కోసం వంగబోయింది. ఆ తొక్కిసలాటలో వంగితే మళ్లీ లేవడం ఉండదు.

"పచ్చచీర అక్కా, వంగకు. పూలు నలిగితె మల్ల తెచ్చుకుందం. మనుషులు నలిగితె ఏడికెల్లి తెస్తం?" అన్నది కోమలవల్లి.

ఆ మాటకు గుంపులో ఎక్కడో ఒక నవ్వు వినబడింది. తర్వాత ఇంకొకటి. నవ్వే మనిషి తోయడు. ఒకరి వెనక ఒకరు కదిలారు. కింది మెట్లు ఖాళీ అయ్యాయి. ప్రేమ్‌రాజ్ బాలెంతను చేయి పట్టుకుని దింపి, బల్ల మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత తానూ నేల మీద కూలబడ్డాడు. నలుగురైదుగురికి మోకాళ్లు చెక్కుకుపోయాయి. ఒకరికి చేయి విరిగింది. ప్రాణం ఎవరిదీ పోలేదు.

పోలీసులు వచ్చేసరికి వంతెనకు ఒక పక్క పోయేవాళ్లు, ఒక పక్క వచ్చేవాళ్లు వరుస కట్టి నడుస్తున్నారు. అప్పటికీ ఆమె మైకు వదల్లేదు. ఆఖరు మనిషి ఎక్కేదాకా నిలబడి, గార్డు జెండా ఊపినాక, ఇగ పొయ్యి రాండ్రి, మీ అందరి ఇండ్లల్ల బతుకమ్మ మంచిగ ఆడాలె అని చెప్పి మైకు కింద పెట్టింది. బండి కిటికీల్లోంచి చేతులు బయటికి వచ్చి, ఎటు ఊపాలో తెలియక స్పీకర్ల వైపు ఊగాయి. మురళీధర్ కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన అద్దాలు తుడుచుకోవడం చాలాసేపు సాగింది.

మర్నాడు పై నుంచి పిలుపు వచ్చింది. మురళీధర్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. కంప్యూటర్ ఆపింది తానేననీ, మైకు ఇచ్చింది తానేననీ ముందే చెప్పేశాడు. కానీ ఎవరూ మందలించలేదు. పెద్ద అధికారి ఒకాయన, పండుగ రద్దీల్లో ఇకమీదట మైకు దగ్గర మనిషి కూడా ఉండాలన్నాడు. ఆ మనిషి ఎట్లా మాట్లాడాలో నేర్పుతారా అని కోమలవల్లిని అడిగాడు. నేర్పుతానన్నది. తర్వాత శాలువా కప్పారు, ఫొటో తీశారు. ఆ ఫొటో కోసం ముకుంద్ గోడకు మేకు కొట్టబోతే పెచ్చు ఊడిపడింది. అది ఇప్పటికీ అలమారలోనే ఉంది.

ఆమె నేర్పినవాళ్లలో యాకుత్‌పురా అమ్మాయి వీణ ఒకతె. క్రైస్తవుల బిడ్డ, చర్చిలో పాడిన గొంతు. మొదటి రోజు వీణ కాగితం మీద రాసుకున్నది గడగడా చదివింది. కోమలవల్లి ఆమెను లేపి ఎంక్వయిరీ కిటికీలో కూర్చోబెట్టింది. ముందు వచ్చినోళ్ల మాట ఇను, మైకు తర్వాత అన్నది. ఆ పిల్లకు ఆ పని నచ్చలేదు. ఇంటికి పోయి ఏడ్చిందట కూడా. నెల తిరిగేసరికి ముసలివాళ్లు వీణ కిటికీ వెతుక్కుంటూ రావడం మొదలైంది. కోమలవల్లి రిటైరైన రోజున స్పీకర్లో ఆమెకు వీడ్కోలు చెప్పింది వీణే. మేడం ఇంటికి పోతున్నది, ప్లాట్‌ఫారం మీదున్నోళ్లందరు ఒకసారి చప్పట్లు కొట్టుండ్రి అని ఎవరినీ అడగకుండా చెప్పేసింది. మేడం ఎవరో తెలియని వాళ్లు కూడా కొట్టారు.

ఇప్పుడు కోమలవల్లి ఆదివారాలు యాకుత్‌పురాలో లోకల్ బండెక్కి కాచిగూడకు వస్తుంది. స్టేషన్ కట్టడాన్ని చూడ్డానికి వచ్చే కాలేజీ పిల్లలకు, బడి పిల్లలకు గుమ్మటం కింద నిలబడి అన్నీ చెబుతుంది. బెల్లం దిమ్మెల సంగతి, దుప్పట్ల చాటున నడిచిన ఆడవాళ్ల సంగతి, చిన్నగేజి బండి ఈల సంగతి. మైకు ఇస్తామంటే వద్దంటుంది. వెనక వరుసలో ఉన్నవాళ్లకు కూడా వినబడుతూనే ఉంటుంది.

మొన్నామధ్య ఒక అమ్మాయి, ఇంత మంచి స్టేషన్ నిజాం కట్టించాడు కదా అన్నది. కోమలవల్లి ఔనన్నది. ఆయన కట్టించినందుకు సలాం చెప్పాల్సిందే అన్నది. ఆ తర్వాత, దూరంగా ఎవరిదో పెట్టె తల మీద పెట్టుకుని మెట్లెక్కుతున్న ప్రేమ్‌రాజ్‌ను చూపించింది.

"కట్టుడు ఒక్కపారి ఐపోయింది బిడ్డా. నడుపుడు నూరేండ్లసంది ఐతనే ఉన్నది. పార్సిల్ ఆఫీసుల రామ్‌చందర్ సాబ్ నడిపిండు, గా ప్రేమ్‌రాజ్ నడిపిండు, గిప్పుడు మైకుల మా వీణ నడుపుతున్నది. నడుమల నేను సుత కొన్నొద్దులు నడిపిన" అన్నది.

ఆ అమ్మాయి ఫోను కిందికి దించి, మెట్ల దిక్కు చూసింది. ప్రేమ్‌రాజ్ అప్పటికే వంతెన ఎక్కేశాడు. కోమలవల్లి కొంగు భుజం మీదికి సర్దుకుని, తక్కిన పిల్లలను పిలిచి, లాంతర్లున్న గది దిక్కు నడిపించుకుపోయింది.